ఎర్రదారం కొస

వరంగల్‌లో మా మట్టెవాడ మిషనత్తమ్మ పోయిన మంగళవారం పొద్దున్నే కన్నుమూసింది. ఆ కబురు అందేసరికి నేను హన్మకొండలో, నేను పనిచేసే బడి ఆఫీసులో కూర్చుని, కొత్తగా చేరే పిల్లల దరఖాస్తుల మీద ఫొటోలు అంటిస్తున్నాను. ఆమె కూతురు ఫోన్ చేసి, "అక్కా, అమ్మ పోయింది" అంది. ఆ తరువాత "నువ్వు తిన్నవా?" అని అడిగింది. వాళ్ళింట్లో మంచి వార్తయినా చెడ్డ వార్తయినా చివరికి ఆ ప్రశ్న దగ్గరికే వస్తుంది. అది అత్తమ్మ పెట్టిన అలవాటు. తిన్నానని అబద్ధం చెప్పాను. చేతిలో ఉన్న ఫొటోను అంటించి, సెలవు చీటీ రాసిచ్చి బయల్దేరాను.

మీలో కొందరికి నా ముఖం గుర్తుండవచ్చు. ఎనిమిదేళ్ళ వయసులో నేనొక సినిమాలో ఖాళీ కంచం ముందు కూర్చుని, "నాకాకలి లేదు నాన్నా, నువ్వు తిను" అన్నాను. ఆ ఒక్క మాటకు హాళ్ళలో ఆడవాళ్ళు కొంగులు తడుపుకున్నారట. నాకిప్పుడు నలభై. అయినా వరంగల్ బజార్లో నేను ఇంకా బేబీనే. మార్కెట్లో కూరగాయలమ్మే ఆమె నా నెరిసిన పాపిట చూసి, "బేబీ, జుట్టుకు రంగెయ్యరాదా?" అంటుంది. పెళ్ళిళ్ళకు పోతే విస్తరి ముందు కూర్చోబెట్టి ఆ మాట మళ్ళీ చెప్పమంటారు. చెప్తాను. చెప్పకపోతే వదలరు కదా, చెప్పేస్తే తొందరగా భోంచేయవచ్చు.

అత్తమ్మ భూస్థాపన రోజు కూడా అంతే. సమాధుల తోటలో పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు, పెట్టె ఇంకా కిందికి దించలేదు. అవతలి వరసలో ఒకామె ఫోను పైకెత్తి పట్టుకుంది. పెట్టె వైపు కాదు, నా వైపు. నేను ఏడుస్తానేమోనని చూస్తోంది. నాకు కన్నీరు రాలేదు. కాసేపు చూసి చేయి నొప్పిపుట్టి ఫోను దించి, పక్కామెతో అంది: "ఇదేంది, సినిమాల్ల గంత ఏడ్చింది, సొంత మనిషి పోతే ఒక్క చుక్క లేదు." ఆమె మీద కోపం రాలేదు. కోపానికి కూడా ఓపిక కావాలి. పైగా ఆమె అన్నది నిజమే. నాకు ఈ లోకంలో సొంతమనిషి అంటూ ఉంటే ఆమే, ఆమె కోసం నా దగ్గర ఒక్క చుక్క లేదు.

అత్తమ్మకు నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఇరవయ్యెనిమిదేళ్ళు చెప్పలేదు. ఆమె మంచం మీద ఉండి నోరు తెరిచి అడిగినప్పుడు కూడా చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆమె చదవదని తెలుసు. మీరైనా వినండి.

ఆమెది మా గల్లీలోనే, మా ఇంటికి రెండిళ్ళ అవతల. మాది స్టీలు సామాన్ల దుకాణం, వాళ్ళది చర్చికి పోయే కుటుంబం. మా అమ్మ ఆమెను వదినా అనేది, కాబట్టి నాకు అత్తమ్మ. గల్లీకి తెరుచుకునే కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని పొద్దంతా తొక్కుతూ ఉండేది కాబట్టి మిషనత్తమ్మ. ఆమె భర్త ధాన్యం మార్కెట్లో బస్తాల మూతులు కుట్టే పని చేసేవాడట. నాకు ఊహ తెలియకముందే పోయాడు. ఆయన వదిలి వెళ్ళినది ఒక దబ్బనం, ఒక కుట్టు. ఆ కుట్టు సంగతి తరువాత చెప్తాను.

అత్తమ్మ నోట్లో ఎప్పుడూ గుండుసూదులు ఉండేవి. పెదవుల మూలన అరడజను పట్టుకునే అందరితో మాట్లాడేది, పోట్లాడేది, బైబిలు వాక్యం కూడా వల్లించేది. మెడలో టేపు తీయడం మరిచిపోయి చర్చికి పోయిన రోజులున్నాయి. ఆదివారం మిషను మీద పాత దుప్పటి కప్పి, "దానికి గూడ ఆదివారమే" అనేది. పిల్లల బట్టలు కుట్టేటప్పుడు మాత్రం ఆమెకొక పట్టింపు. గౌను అంచున నాలుగు వేళ్ళ బట్ట లోపలికి మడిచేది, పక్కల రెండు వరసల కుట్లు అదనంగా వేసేది. బట్ట సరిపోదని తల్లులు గొణిగితే, "పెరిగే పిల్లకు కుట్టేటప్పుడు బట్టకు ఆశపడొద్దు" అనేది. మడత విప్పుకుంటే వచ్చే ఏడాదికీ అదే గౌను. మట్టెవాడలో నా ఈడు ఆడపిల్లలందరి గౌన్లకూ కింద ఒక ముదురు రంగు పట్టీ ఉండేది. ఎండకు వెలవని బట్ట అది.

నా గౌన్లకు ఆ పట్టీ ఉండేది కాదు. "మా పిల్లకు లోపల బట్ట వదలకు వదినా, మడత లావై కెమెరాకు కనబడ్తది" అని మా అమ్మ చెప్పింది. అసలు కారణం అది కాదని గల్లీకంతా తెలుసు. నేను పెరగకూడదు.

మా అమ్మను తిట్టడానికి ఇది రాయడం లేదు. ఆమె నా దగ్గరే ఉంది. నేనిది రాస్తుంటే పక్కగదిలో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. అప్పటి ఫొటోలో చూస్తే ఆమెకు ఇరవయ్యెనిమిదేళ్ళు, ఇప్పటి నాకంటే చిన్నది. బిడ్డ బొమ్మ గోడలమీద పడింది, మనుషులు ఇంటికొచ్చి చూసిపోతున్నారు, అంతకుముందు పట్టించుకోని ఆడబిడ్డలు ముందుగా పలకరిస్తున్నారు. అది ఎన్నాళ్ళుంటుందో ఎవరు చెప్పారు ఆమెకు? పిల్ల ఎత్తు పెరిగిననాడు అయిపోతుందని మాత్రం చెప్పారు. అందుకని రాత్రికి సగం రొట్టె. పాలు మానిపించింది. తలుపు చెక్క మీద పెన్సిల్ గీత గీసి, ప్రతినెలా నన్ను దానికి ఆనించి నిలబెట్టేది. గీత దాటితే ఆమె ముఖం వాడిపోయేది. ఆమె ముఖం వాడకూడదని నేను మోకాళ్ళు కొంచెం వంచి నిలబడేదాన్ని. సినిమాలో నాన్నతో ఆకలి లేదన్నప్పుడు నేను బాగా నటించానని అందరూ అన్నారు. ఆ రోజు పొద్దున్నుంచి నిజంగానే ఏమీ తినలేదు. ఆకలి లేదని చెప్పడం ఒక్కటే నటన.

అత్తమ్మ ఇది కనిపెట్టింది. టేపు పట్టుకునేవాళ్ళ దగ్గర దాచలేం. ఆరునెలల కింద నడుము కొలత, ఇప్పటి కొలత పక్కపక్కన పెట్టి చూసుకుంది. ఆ మరుసటిసారి నుంచి నా కొలతలకు అరగంట పట్టేది. మా అమ్మ అరుగు మీద కూర్చునేది. నన్ను లోపలిగదిలోకి తీసుకుపోయి, అత్తమ్మ గంప కింద మూసిపెట్టిన సర్వపిండి రొట్టె చేతిలో పెట్టేది. నేను తింటుంటే, "చెయ్యి పొడుగు... ఆగు, మళ్ళ చూస్త... మణికట్టు..." అని బయటికి వినబడేలా చదువుతూ ఉండేది. మణికట్టు మూడుసార్లు కొలిచేది. ఇంతసేపా అని అమ్మ అడిగితే, "సినిమా కొలతలు వదినె, ఊకెనే ఐతయా?" అనేది. నా మూతికి అంటిన నువ్వులు తన కొంగుతో తుడిచి, మళ్ళీ సూదులు నోట్లో పెట్టుకుని బయటికి వచ్చేది. నేను సినిమాల్లో ఎంతోమందితో కలిసి నటించాను గాని అంత సహజమైన నటన ఎవరి దగ్గరా చూడలేదు.

అట్లాంటి ఒక అరగంటలో ఆమె, నన్ను ఎట్లా ఏడిపిస్తారని అడిగింది. చెప్పాను. మొదటి సినిమాలో కళ్ళలో మందు వేస్తే మండింది గాని ఏడుపు రాలేదు. అప్పుడు ఒకాయన నా దగ్గర గొంతుక్కూర్చుని, మీ అమ్మ నిన్ను ఇక్కడే వదిలేసి బస్సెక్కి వరంగల్ వెళ్ళిపోయిందని చెప్పాడు. నేను ఏడ్చాను. కట్ అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. వ్యాను వెనక దాక్కున్న మా అమ్మ పరుగెత్తుకొచ్చి ఎత్తుకుని, ఎంత మంచిగ చేసినవ్ అంది. ఆ తరువాత వాళ్ళకు అబద్ధం చెప్పే పని పడలేదు. అబద్ధం వినడం కంటే ముందే ఏడ్చేయడం తేలికని నాకు తెలిసిపోయింది. ఎడమకంట ముందు రావాలంటే ఎడమకంట, మాట అయ్యాక రావాలంటే అయ్యాక. ఎనిమిదేళ్ళకే పని నేర్చుకున్నాను.

అత్తమ్మ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి దిండుకు గుచ్చింది.

"ఏడుపు నీది బిడ్డా. అడిగినోళ్ళకల్ల ఇయ్యకు" అంది.

మరి ఏం చేయాలని అడిగాను. దాచుకోమంది. ఎక్కడ దాచుకోవాలో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. సర్వపిండి మీదే ధ్యాస.

పన్నెండేళ్ళు వచ్చాయి. నేనొక సినిమాలో తొమ్మిదేళ్ళ పిల్లగా ఒప్పుకున్నాను. ఒప్పుకున్నాను అంటున్నాను గాని నన్ను అడిగినవాళ్ళు లేరు. మోకాళ్ళు వంచినా ఆగనిది నా ఒంట్లో మొదలైంది. మా అమ్మ దళసరి తెల్లబట్ట పట్టుకుని అత్తమ్మ దగ్గరికి పోయి, గౌను లోపల వేసుకోవడానికి బిగుతుగా ఒక బాడీ కుట్టమంది. ఛాతీ అణిగిపోవాలి. అత్తమ్మ కుట్టనంది. మా అమ్మ బతిమాలింది, ఈ ఒక్క సినిమాకే అంది, కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చివరికి, నువ్వు కుట్టకపోతే అక్కడే ఎవరితోనైనా కుట్టించుకుంటానంది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. అత్తమ్మ నా వైపు చూసింది.

"ఆడ కుట్టేటోడు దీని కొలత సూస్తడు గని ఊపిరి సూడడు" అంది. "తే, ఇగ నేనే కుడ్త."

ఇక్కడ ఆమె భర్త కుట్టు సంగతి చెప్పాలి. బియ్యం బస్తా విప్పినవాళ్ళందరికీ అది తెలిసే ఉంటుంది. గొలుసులాగా ఒక ముడిలోంచి ఒకటి పోయే కుట్టు. ఎంత బరువు పడినా విడదు. కాని సరైన కొస దొరికించుకుని లాగితే ఒక్క గుంజుకు మూతి మొత్తం తెరుచుకుంటుంది. రెండో కొస పట్టుకుని లాగితే మాత్రం ఊడదు సరిగదా ఇంకా బిగుసుకుంటుంది. అత్తమ్మ ఆ బాడీకి మామూలు పక్కకుట్లు వదులుగా వేసి, వాటి లోపల బిగింపు కోసం చేత్తో బస్తా కుట్టు వేసింది. ఎర్రదారంతో వేసింది, నాకు ఆనవాలుగా. ఎడమ చంక కింద కొస బెత్తెడు బయటికి వదిలింది.

నన్ను లోపలిగదిలోకి తీసుకుపోయి ముందు మూలనున్న బియ్యం బస్తా దగ్గర కూర్చోబెట్టింది. కొస చూపించి లాగమంది. లాగాను. టర్రుమని మూతి తెరుచుకుంటే నాకు నవ్వాగలేదు. తరువాత బాడీ తొడిగి, నా చేతిని ఎర్రకొస మీద పెట్టింది.

"ఊపిరి ఆడకుంటె ఎవ్వల్ని అడగకు. లాగు. షాటు గీటు అని సూడకు. లాగుతవా?"

లాగుతానని చేతిలో చెయ్యేసి చెప్పాను. మా అమ్మకు ఇదంతా తెలియదు.

ఆ సినిమాలో, ఊరు విడిచి వెళ్ళిపోతున్న తండ్రి కోసం నేను మెట్లెక్కి పరుగెత్తుకుపోయి ఆయన నడుము కరుచుకోవాలి. ఎండాకాలం. మెట్లు ముప్పై దాకా ఉన్నాయి. నాలుగుసార్లు ఎక్కాను. ఒకసారి తండ్రి వేషం వేసినాయన కళ్ళద్దాలు మరిచారు, ఒకసారి గాలికి ఏదో పడింది. ఐదోసారి సగం మెట్లకు నా కళ్ళముందు నల్లటి చుక్కలు మొదలయ్యాయి. చెయ్యి దానంతటదే చంక కిందికి పోయింది. గౌను మెడ పక్కనుంచి వేళ్ళు దూర్చితే కొస దొరికింది. వేళ్ళ మధ్య గరుగ్గా ఉంది. పట్టుకున్నాను కూడా.

అప్పుడు నాకు తోచిన ఆలోచన చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇప్పుడు లాగితే బాడీ వదులై గౌను ఆకారం మారుతుంది, కింది మెట్ల మీద తీసిన షాటుకూ దీనికీ కలవదు, కంటిన్యుటీ పోతుంది, మళ్ళీ మొదటినుంచి తీయాలి, అందరూ నావైపు చూస్తారు. అంతే. కొస వదిలేశాను. మిగిలిన మెట్లెక్కి, ఆయన నడుము కరుచుకుని, చెప్పవలసిన మాట చెప్పి, ఎడమకంట నీళ్ళు తెచ్చి, కట్ అన్నాకే పడిపోయాను.

ఎండదెబ్బ అన్నారు. ముఖాన నీళ్ళు చల్లారు. ఐదో టేకే బాగుందని, పిల్ల ఆయాసం నిజంలాగా వచ్చిందని దర్శకుడు మెచ్చుకున్నాడు. సినిమాలో ఉన్నది అదే. ఇప్పటికీ ఎప్పుడైనా టీవీలో వస్తుంది. నా కుడిచెయ్యి ఒక్క క్షణం మెడ దగ్గరికి పోయి వెనక్కి రావడం కనబడుతుంది. తండ్రి పోతున్నాడన్న దుఃఖంతో గుండె మీద చెయ్యేసుకుందని అనుకుంటారు.

ఇంటికి వచ్చాక మా అమ్మ తిన్నగా అత్తమ్మ దగ్గరికి పోయింది. తప్పు తనదని లోలోపల తెలిసినప్పుడు మనిషి గొంతు ఇంకా పైకి లేస్తుంది. నువ్వు కుట్టినదానికే పిల్ల పడిపోయిందని గల్లీ అంతా వినబడేలా అరిచింది. నువ్వే కదా కుట్టమన్నావని అత్తమ్మ ఒక్క మాట అనవచ్చు, అనలేదు. మిషను ముందునుంచి లేచి వచ్చి నా భుజాలు పట్టుకుంది.

"దారం రాలేదా బిడ్డా?"

నేను తల దించుకున్నాను. అది అవునని కాదు, కాదని కాదు. కాని ఆమె అవునని అనుకుంది. ఆమె చేతులు నా భుజాల మీదే బిగుసుకుపోవడం నాకు తెలిసింది. తప్పు కొస బయటపెట్టానని, పిల్ల లాగినకొద్దీ అది బిగుసుకుపోయిందని ఆమె అనుకుంది. ఆ అనుకోవడాన్ని నేను అట్లాగే ఉండనిచ్చాను.

ఆ తరువాత ఆమె సినిమా బట్టలు కుట్టలేదు. ఆ బాడీ మా ట్రంకుపెట్టెలోకి పోయింది, ఆమె మళ్ళీ దాన్ని చూడలేదు. నాక్కూడా వాటి అవసరం ఎక్కువకాలం లేదు. ఏడాది తిరిగేలోగా నేను జానెడు పెరిగాను. ఫోన్లు ఆగిపోయాయి. తలుపు మీద గీత గీయడం మా అమ్మ మానేసింది. పద్నాలుగేళ్ళకు నన్ను ఆరో తరగతిలో కూర్చోబెట్టారు. వెనక బెంచీలో నా మోకాళ్ళు పట్టేవి కావు. పిల్లలు ఏడ్చి చూపించమనేవాళ్ళు. చూపిస్తే నాతో ఆడుకుంటారేమోనని మొదట్లో చూపించాను. ఆట అయ్యాక మళ్ళీ ఎవరి దారి వారిదే. బడి మానేసి, పదో తరగతి చాలా ఆలస్యంగా ప్రైవేటుగా కట్టి పాసయ్యాను.

ఆ ఏళ్ళన్నీ నేను అత్తమ్మ కిటికీ పక్కన గడిపాను. ఆమె నాకు కాజాలు తీయడం, హుక్కులు కుట్టడం నేర్పింది. నా చేతిపని బాగుండదు, ఆమె మళ్ళీ విప్పి కుట్టుకునేది, నాకు తెలియకూడదని నేను వెళ్ళాక విప్పేది. బేబీని చూద్దామని జాకెట్టు ముక్కలు వంకపెట్టుకుని వచ్చేవాళ్ళు. "ఈడ బేబీ లేదు, మా పిల్ల ఉన్నది. జాకెట్ ఇచ్చేదుంటె ఇయ్యిన్రి, లేకుంటె పోన్రి" అనేది. సూదులు నోట్లో ఉంచుకుని అనేది కాబట్టి కొంచెం భయంగానే ఉండేది.

ఒక సంగతి మాత్రం నేను ప్రతినెలా చూసేదాన్ని. బియ్యం బస్తా ఇంటికి వస్తే అత్తమ్మ దాని ముందు గొంతుక్కూర్చునేది. వెంటనే విప్పేది కాదు. ఈ కొస ఒకసారి తడిమేది, ఆ కొస తడిమేది, కొంచెం లాగి చూసి ఆగేది. ఎన్నేళ్ళుగా తెలిసిన కుట్టు అది, కళ్ళు మూసుకుని విప్పగలదు. అయినా ఆగేది. "అమ్మకు బస్తా ఇప్పరాదు" అని కూతురు నవ్వేది. నేనూ నవ్వేదాన్ని. ఆమె ఏం వెతుకుతోందో ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే తెలుసు.

ఎందుకు చెప్పలేదని మీరు అడగవచ్చు. నన్ను నేను చాలాసార్లు అడిగాను. దారం రాలేదంటే నేను పాపం చిన్నపిల్లను. అందరూ కలిసి నన్ను అట్లా చేశారు. దారం చేతిలో ఉండి కూడా లాగలేదంటే? అక్కడ నన్ను ఎవరూ పట్టుకోలేదు. అమ్మ పక్కన లేదు, దర్శకుడు అరవలేదు. ఊపిరి కావాలా షాటు కావాలా అంటే షాటే కావాలన్నది నేనే. ఆ పిల్ల ఎవరో తలుచుకుంటే నాకే భయం. ఆ భయాన్ని దాచుకోవడానికి అత్తమ్మను నిందలో ఉంచాను. ఆమె దాచుకోమన్నది ఒకటి, నేను దాచుకున్నది ఒకటి.

పోయిన నెల ఆమెను దవాఖానలో చేర్చారు. ఆదివారం చూడటానికి పోయాను. చేతులు పుల్లల్లా ఉన్నాయి, బొటనవేలి మీద కత్తెర పట్టి కాసిన కాయ మాత్రం అట్లాగే ఉంది. నువ్వు తిన్నవా అని అడిగింది. కూతుర్ని చాయ్ తెమ్మని బయటికి పంపింది. పంపడానికే పంపిందని అర్థమైంది.

"ఒక్క మాట అడుగుత, నిజం చెప్పాలె. నేను తప్పు కొస బయట పెట్టిన్నా బిడ్డా?"

నోరు తెరిచాను. ఏం చెప్పాలో తెలుసు, ఒక్క మాట. మాట కంటే ముందు నా ఎడమకంట నీళ్ళు వచ్చాయి. ఎంత చక్కగా వచ్చాయంటే, రెప్ప మీద ఒక్క క్షణం ఆగి, సరిగ్గా చెంప మధ్యలోంచి జారాయి. నాకే అసహ్యం వేసింది. అత్తమ్మ చెయ్యి ఎత్తబోయి ఎత్తలేక మంచం మీదే వేళ్ళు కదిపింది.

"వద్దు బిడ్డా. గా ఏడుపు సినిమావాళ్ళది. నాకు మాట చాలు."

అప్పుడే నర్సమ్మ వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. బేబీ కదా అంది, ఇంకో ఇద్దరిని పిలుచుకొచ్చింది. మంచం పక్కనే నిలబడి ఫొటోలు దిగారు. ఒకామె ఆ మాట చెప్పమంది. అత్తమ్మ కళ్ళు మూసుకుంది. నేను చెప్పాను. నాకాకలి లేదు నాన్నా, నువ్వు తిను. అత్తమ్మ మంచం పక్కన నిలబడి నేను ఆఖరుసారి పలికింది ఆ మాటలే. చూసే సమయం అయిపోయిందన్నారు. వచ్చే ఆదివారం చెబుదాంలే అనుకున్నాను. వచ్చే ఆదివారం ఆడిట్ ఉందని బడికి రమ్మన్నారు. దాని తరువాతి ఆదివారం రాలేదు.

భూస్థాపన అయిన మరుసటి రోజు మధ్యాహ్నం ఇంట్లో ట్రంకుపెట్టె దించాను. మా అమ్మ ఒక్క గుడ్డముక్క కూడా పారేయలేదు. గౌన్లన్నీ కలరా ఉండల వాసన. అన్నిటికంటే అడుగున బాడీ ఉంది, తెలుపు పసుప్పచ్చగా మారింది. ఇంత చిన్నదా అనిపించింది. నా రెండు చేతులు కలిపి పట్టుకుంటే అందులో ఇమిడిపోయింది. ఎడమ చంక కింద బెత్తెడు ఎర్రకొస అట్లాగే ఉంది. రంగు కొంచెం తగ్గింది.

ఇన్నేళ్ళకు చివికిపోయి ఉంటుందనుకున్నాను. లాగితే పుటుక్కున తెగుతుంది, కొస సరైనదో కాదో ఎప్పటికీ తెలియదు. ఒక్క క్షణం అట్లా అయితే బాగుండునని కూడా అనిపించింది. అబద్ధం ఎందుకు.

లాగాను.

టర్రుమని మొత్తం ఊడింది. ఒక్కచోట కూడా ఆగలేదు. చంక నుంచి నడుము దాకా పక్క విచ్చుకుని, లోపల మడిచిన బట్ట బయటపడింది. నాలుగు వేళ్ళు వదిలింది అత్తమ్మ, దీనికి కూడా.

చప్పుడుకు మా అమ్మ గుమ్మంలోకి వచ్చింది. చినిగిందా అంది. లేదు, ఊడిందన్నాను. ఆమె నా చేతిలోని దారం వైపు, విచ్చుకున్న పక్క వైపు చూసింది. ఆ రోజు అత్తమ్మ అడిగిన ప్రశ్న ఆమె కూడా విన్నదే కదా.

"మరి అప్పుడు రాలేదంటివి?"

"నేనేం అనలేదమ్మా. లాగలేదు."

మా అమ్మ మెల్లగా మంచం పట్టుకుని కూర్చుంది. చేతిలోని చిక్కుడుకాయను అట్లాగే పట్టుకుని ఉంది. ఎందుకు లాగలేదని అడగలేదు. అడగవలసిన అవసరం లేనిది ఆమెకే.

అత్తమ్మా, కొస సరైనదే. నేనే లాగలేదు.

ఆ తరువాత నేను ఏడ్చానా లేదా అన్నది ఇక్కడ రాయను. ఎవరడిగినా చెప్పను, అది నాది. దారం మాత్రం నా బల్ల మీద ఉంది. ఇన్నేళ్ళు కుట్టులో ఉన్నది కదా, రెండు చేతులతో సాగదీస్తే తిన్నగా వస్తుంది, వదలగానే మళ్ళీ వంకీలు తిరుగుతుంది.